పేకముక్కలతో ఎక్కాలు

కిందటి నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. తెనాలి వైపు వాళ్లు. ఇక్కడ లెక్కల టీచరు ట్రైనింగులో చేరబోతోందట. "ఉద్యోగం ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెప్పండి ఆంటీ" అని నోట్‌బుక్ తెరిచి కూర్చుంది. రెండు మాటల్లో చెప్పగలిగేదే అయితే ఇంగ్లండులో ఈ స్టీవెనేజ్‌ ఊళ్లో పదేళ్లు నేనెందుకు గొంతు చించుకుంటాను? ఆ పిల్లకి టీ ఇచ్చి, తీరిగ్గా రాసి పంపుతానని మాట ఇచ్చాను. ఆమె కోసం మొదలుపెట్టిందే ఇది. ఈ ఉద్యోగంలోకి వచ్చే మిగతా మన పిల్లలు కూడా చదువుకుంటే మంచిదే.

ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలో, మన బీయెడ్ ఇక్కడ చెల్లడానికి ఎన్ని ఫారాలు నింపాలో ఇందులో ఉండదు. అవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నేను చెప్పేది ఒకే ఒక్క పని గురించి: పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకి చదువు చెప్పించడం. మీరు ఏ బడిలో చేరినా మూడేళ్లు తిరక్కుండా ఎవరో ఒకరు ఈ పనిని తెచ్చి మీ నెత్తిన పెడతారు. తామే కనిపెట్టినట్టు మురిసిపోతూ పెడతారు. నేను ఆ పనిని ఏళ్ల తరబడి నడిపాను. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని ఇప్పటికీ తలుచుకుని నన్ను నేనే తిట్టుకుంటాను.

అప్పుడే కనిపెట్టిన పాత పని

నేను ఇక్కడి బడిలో 1998లో చేరాను. అంతకు ముందు రేపల్లెలో పదమూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. మా ఆయనకి ఇక్కడ ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఉద్యోగం వస్తే ఇద్దరం వచ్చేశాం. నేను చేరిన ఏడాది ఈ పనిని బడ్డీ పథకం అన్నారు. రెండేళ్లకి మెంటార్ పథకం అన్నారు. ఆ తర్వాత ఇంకేదో అన్నారు, అది ఇప్పుడు గుర్తు కూడా లేదు. పేరు మారినప్పుడల్లా పిల్లల చొక్కాలకి పెట్టే బ్యాడ్జీ రంగు మారేది. పాత బ్యాడ్జీల డబ్బా మాత్రం నా బీరువాలోనే ఉండేది, ఎవరూ తీసుకెళ్లేవారు కాదు.

ఒకసారి టీచర్ల శిక్షణ రోజున బయటినుంచి ఒక సలహాదారుడు వచ్చాడు. మంచి సూటు, మంచి స్లయిడ్లు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెబితే ఇద్దరికీ లాభమనీ, ఇది సరికొత్త ఆలోచన అనీ గంటసేపు చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే బీయెడ్‌లో విద్యా చరిత్ర పేపరులో నేను చదివిన ఐదు మార్కుల ప్రశ్న అది. 'మద్రాసు పద్ధతిని గూర్చి వ్రాయుము.' నేను రాశాను కూడా, నాలుగు మార్కులు వచ్చాయి.

చెయ్యెత్తి చెప్పాను. రెండు వందల ఏళ్ల కిందట మద్రాసులో సోల్జర్ల పిల్లల కోసం ఒక అనాథ శరణాలయం ఉండేది. దాన్ని చూసుకునే పాదిరి, మన వీధి బడిలో పిల్లలు ఇసకలో వేళ్లతో అక్షరాలు దిద్దడం చూశాడు. అలా నేర్పమని తన దగ్గరి మాస్టార్లకి చెబితే మా వల్ల కాదన్నారు. అప్పుడు ఎనిమిదేళ్ల కుర్రాడి చేత చెప్పించాడు. అది పని చేసింది. ఆ పద్ధతిని మూట కట్టుకుని ఈ దేశానికి తెచ్చాడు. దేశమంతా ఆ బళ్లు లేచాయి. ఒక్క మాస్టారు, కొన్ని వందల మంది పిల్లలు, మధ్యలో మానిటర్లుగా పెద్ద పిల్లలు. కొంత కాలానికి అంతా చిలకపలుకులేనని పక్కన పడేశారు. ఆ తర్వాత పదమూడేళ్ల పిల్లల్ని టీచర్లకి శిష్యులుగా కుదిర్చారు. అదీ పోయింది. ఇప్పుడు మళ్లీ మీరు తెచ్చారు.

సలహాదారుడు తల పంకించి "చాలా ఆసక్తికరంగా ఉంది" అన్నాడు. ఇక్కడివాళ్లు ఆ మాట అంటే ఇక కూర్చోమని అర్థం. కూర్చున్నాను. ఆయన తర్వాతి స్లయిడుకి వెళ్లిపోయాడు.

ఆ పద్ధతి ఎందుకు పోయిందో ఆ గదిలో ఒక్కరు అడిగి ఉంటే బాగుండేది. ముందుగా, అది చవక అని తెచ్చుకున్నారు. ఒక్క జీతంతో వందల మందికి చదువు వచ్చేస్తుందనుకున్నారు. రెండోది, మానిటరు చేత మైకు పని చేయించారు. మాస్టారు ఒకటి అంటే మానిటరు అదే అనాలి, వరసలో పిల్లలంతా అదే అనాలి. ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో ఆ గోలలో తెలిసేది కాదు. ఇంత తెలిసిన నేను కూడా సరిగ్గా ఆ రెండు తప్పులే చేశాను. పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చుకోవడం వేరు, బుర్రకి ఎక్కడం వేరు.

ఫస్ట్ ర్యాంకు పిల్లలు

మా హెడ్ మాస్టరు మిస్టర్ ఫెంటన్. చెడ్డవాడు కాదు, భయస్తుడు. లెక్కల విభాగంలో సహాయకురాలు ఒకామె మానేస్తే ఆ ఉద్యోగం ఖాళీగా ఉంచేసి, "మీ పెద్ద పిల్లలు ఉన్నారుగా మిసెస్ రావ్" అన్నాడు. రెండు వందల ఏళ్ల నాటి కక్కుర్తే, ఏమీ మారలేదు.

ఏర్పాటు ఇదీ. ఇయర్ సెవెన్ అంటే మన ఆరో తరగతి. అందులో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలు వారానికి మూడు రోజులు ఉదయం హాజరు సమయంలో నా గదికి వస్తారు. ఇయర్ టెన్ పిల్లలు, అంటే మన తొమ్మిదో తరగతి వాళ్లు, ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్నవాడిని పట్టుకుని ఇరవై నిమిషాలు చెబుతారు. చెప్పినదానికి ఒక కాగితం మీద టిక్కులు పెడతారు.

పెద్ద పిల్లల్ని ఎలా ఎంచాను? మార్కుల జాబితా తీసి పైనుంచి పన్నెండు మందిని దించాను. ఇంకోలా ఎంచవచ్చన్న ఊహ కూడా నాకు రాలేదు. మనం పెరిగింది అలాగే. మా బడిలో ఎవరికి ఫస్ట్ ర్యాంకు వస్తే వాళ్లే క్లాసు లీడరు. మాస్టారు లేనప్పుడు బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాసేదీ, ఎక్కాలు అందరిచేతా వల్లె వేయించేదీ లీడరే. ఆ లీడర్ని నేనే. "ఏడొకట్ల ఏడు" అని నేను అరిస్తే యాభై మంది అరిచేవాళ్లు. అందరికీ వచ్చేసిందనుకునేదాన్ని. ఆ యాభై మందిలో ఎంతమంది ఊరికే నోరు కదిపారో నాకు ఈనాటికీ తెలియదు.

గెమ్మా

గెమ్మా ఆ పన్నెండు మందిలో లేదు. ఇయర్ టెన్‌లో లెక్కల్లో అన్నిటికన్నా కింది సెట్లో ఉండేది. ఇక్కడ పిల్లల్ని మార్కులను బట్టి సెట్లుగా విడదీస్తారు. పొడుగు పిల్ల, ఎప్పుడూ నలిగిన కాలరు, టీచర్ల మాటకి మాట ఎదురు. తన తరగతిలో హాజరు వేసేటప్పుడు రోజూ ఎవరితోనో గొడవ. మిస్టర్ ఫెంటన్ ఆమె ఇంటికి ఆఖరి హెచ్చరిక ఉత్తరం పంపేశాడు. ఇంకొక్కటి జరిగితే బడినుంచి శాశ్వతంగా తీసేస్తామని దాని సారాంశం. ఈ లోపు ఉదయం పూట ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక నా గదిలో పెట్టాడు. వెనక బల్ల మీద తల వాల్చి పడుకునేది.

ఒకనాడు చెప్పాల్సిన కుర్రాడు ఒకడు జ్వరమని రాలేదు. వాడి దగ్గర చెప్పించుకునే నిఖిల్ ఒక్కడే మిగిలాడు. నిఖిల్ మన పిల్లాడే. వరంగల్ నుంచి వచ్చిన శ్రీనివాస్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి కొడుకు. పుట్టింది ఇక్కడే. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. బడిలో నన్ను మిస్ అనీ, పండగలప్పుడు కలిస్తే ఆంటీ అనీ పిలిచేవాడు. నేను వేరే పనిలో ఉండి, "గెమ్మా, కాసేపు వీడి చేత ఎక్కాలు చెప్పించు" అన్నాను. ఆ పిల్ల విసుక్కుంటూ లేచింది.

నాలుగు రోజుల తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లిగా అంది. "మిస్, ఈ పిల్లాడికి ఎక్కాలు రావు."

"అదేమిటి? అందరితో పాటు గడగడా చెబుతాడుగా."

"అందరితో పాటు పెదాలు కదుపుతాడు. మాట అర క్షణం ఆలస్యంగా వస్తుంది. ఒక్కడినే ఏడు ఎనిమిదులు అడగండి, ఏడు ఒకట్ల నుంచి మొదలుపెట్టి వేళ్ల మీద వస్తాడు."

"నీకెలా తెలిసింది?"

"నేనూ అదే చేసేదాన్ని. ఇయర్ నైన్ దాకా ఎవరూ పట్టుకోలేదు."

ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నేను పట్టుకోలేకపోయాను, ఆమె పట్టుకుంది. అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు, కోపం. ఈ పిల్ల నాకు చెప్పడమేమిటని. అయినా నిఖిల్‌ని ఆమెకే వదిలేశాను, ఆ జ్వరం కుర్రాడు తిరిగి రాలేదు, గదిలో వేరే ఎవరూ ఖాళీ లేరు కనుక.

ఆ తర్వాత వారం ఆమె పేకముక్కలు తెచ్చింది. నిజం పేకముక్కలే. కింగులు నాలుగూ పక్కన పడేసింది. ఆసు ఒకటి, జాకీ పదకొండు, రాణి పన్నెండు. కలిపి రెండు ముక్కలు తిప్పేది. ఆ రెండూ హెచ్చవేసి నిఖిల్ వెంటనే చెబితే ముక్కలు వాడివి, చెప్పలేకపోతే ఆమెవి. వారాలు గడిచేకొద్దీ వాడి వైపు ముక్కల కట్ట పెరుగుతూ వచ్చింది, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. పేక అంటేనే నాకు పడదు. మా చిన్నాన్న పేకాట పిచ్చి భరించలేక మా పిన్ని పుట్టింటికి వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను. అవి ఎందుకు తెచ్చావమ్మా అని ఒక్క మాట ఆ పిల్లని అడగలేదు. అడిగి ఉంటే తెలిసేది.

ఆమె ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు. ఏడు వారాలు, ఇరవై ఒక్క ఉదయాలు. ఏడో వారం గురువారం నేను రిజిస్టరు పట్టుకెళ్లి మిస్టర్ ఫెంటన్‌కి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "ఇలాగే ఈస్టర్ సెలవుల దాకా వస్తే ఆ ఉత్తరం చింపేస్తాను" అన్నాడు. ఈస్టర్‌కి ఇంకా ఐదు వారాలు. గెమ్మాకి చెప్పాను. "సరే" అని భుజాలు ఎగరేసింది గానీ, మర్నాడు కాలరు ఇస్త్రీ చేసుకుని వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం

ఆ ఆదివారం శ్రీనివాస్ మా ఇంటికి వచ్చాడు. ఊరినుంచి వాళ్లమ్మ చుట్టపుచూపుగా వచ్చి ఉంది, ఆవిడ చేసిన సకినాలు డబ్బాలో పెట్టుకుని వచ్చాడు. సోఫాలో కూర్చుని జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన పేకముక్కలు తీసి టీ బల్ల మీద పెట్టాడు.

"ఇవి మా పోరని సంచిల దొరికినయ్ ఆంటీ. మా అమ్మ చూసి ఒకటే ఏడుపు. బడిల పేకాట నేర్పుతరా?"

"పేకాట కాదు బాబూ, ఎక్కాలు నేర్పిస్తోంది" అన్నాను.

"ఎవరు నేర్పేది? నిఖిల్‌ను అడిగిన. గా పొడుగు పిల్లనట, ఇంటికాడ ఆడుకొమ్మని ఇచ్చిందట. గా పిల్ల ఏ సెట్ల ఉన్నదో బడిల అందరికి ఎరుకే. మీరున్నరని మేం నిమ్మలంగ ఉన్నం. మీరుండంగ మా వానికి గా పిల్లనా దొరికింది ఆంటీ?"

అతని మాటలో దురుసు లేదు. నిజంగానే బాధపడుతున్నాడు. నిఖిల్‌ని రోజూ కారులో బడికి తీసుకొచ్చేటప్పుడు తనే ఎక్కాలు వల్లె వేయిస్తాడట. తండ్రి అంటాడు, కొడుకు వెనక అంటాడు. అది చాలదా అని అతని ఉద్దేశం.

"మీ హారికను పెట్టుండ్రి ఆంటీ. మంచిగ సదువుతది, మన పిల్ల. గంతే నేనడిగేది."

హారిక ఇయర్ టెన్‌లో టాప్ సెట్ పిల్ల. విజయవాడ వాళ్లు, మా వీధి చివర ఇల్లు. అప్పట్లో ఆ ఊళ్లో మన తెలుగువాళ్ల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండేవి. ఉగాదికీ, వినాయక చవితికీ అందరం ఒకే చోట చేరాలి. ఎవరి ఇంట్లో ఏం మాట్లాడుకున్నా సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. అతని పిల్లాడి చేతికి పేక ఇప్పించిన ఆంటీ అన్న పేరు నాకు వద్దనిపించింది. పైగా బల్ల మీద ఆ ముక్కలు చూస్తుంటే మా పిన్ని పుట్టింటికి వెళ్లిపోవడమే గుర్తొచ్చింది. "చూస్తాన్లే బాబూ, రేపటినుంచి మారుస్తాను" అనేశాను. అతను చేతులు జోడించి వెళ్లిపోయాడు.

లోపలి గదిలోంచి మా ఆయన అంతా విన్నారు. "బడి సంగతి బడిలో మాట్లాడుకోమని చెప్పలేకపోయావా?" అన్నారు.

"మీకేం తెలుసు, ఊరుకోండి" అని కసిరాను. ఆయన అన్నదే సరైన మాట. ఒక తెల్ల తండ్రి వచ్చి ఇదే అడిగి ఉంటే, అపాయింట్‌మెంటు తీసుకుని ఆఫీసులో కలవండి అనేదాన్ని. మనవాడు సకినాల డబ్బాతో వచ్చేసరికి నా ఉద్యోగం నేను మరిచిపోయాను. మనలాంటివాళ్లు ఇక్కడ చేసే తప్పు ఇదే. రాబోయేవాళ్లకి మళ్లీ మళ్లీ చెబుతున్నాను.

సోమవారం ఉదయం

"ఈ రోజునుంచి నిఖిల్‌కి వేరేవాళ్లు చెబుతారు. నువ్వు నీ పరీక్షల సంగతి చూసుకో" అన్నాను గెమ్మాతో.

"నేనేం తప్పు చేశాను?"

"ఏం చెయ్యలేదు."

"అయితే ఎందుకు?"

నా సంచి తెరిచాను. పేకముక్కలు ఆమె చేతికిచ్చి, "ఇవి బడికి తేకూడదు" అన్నాను. ఆ పిల్ల రబ్బరు బ్యాండు తీసి ముక్కలు ఒకసారి కలిపింది. "పేకలో వరస ఉండదు మిస్. ఏ ముక్క వస్తుందో తెలియదు. అందుకే వాడు ఒకటినుంచి మొదలుపెట్టలేడు. వాడిని ఒకటినుంచి మాత్రం మొదలుపెట్టనివ్వకండి" అని చెప్పి వెనక బల్ల దగ్గరికి వెళ్లి తల వాల్చింది. అంత చక్కగా నాకు ఏ సలహాదారుడూ ఎక్కాల సంగతి చెప్పలేదు. అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు.

బుధవారం ఆమె రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఆ పై వారం అసలు బడి గేటు దాటలేదు.

హారిక మంచి పిల్ల. చెప్పినట్టు చేసేది. ఇరవై నిమిషాల్లో కాగితం నిండా టిక్కులు పెట్టి ఇచ్చేది. శ్రీనివాస్ ఫోను చేసి "శానా థ్యాంక్స్ ఆంటీ" అన్నాడు. మిస్టర్ ఫెంటన్ ఆ టిక్కుల కాగితాలు ఫైలు చేయించాడు. అందరూ సంతోషమే. మూడో వారం గురువారం నేను నిఖిల్‌ని వరండాలో ఆపి, ఏడు ఎనిమిదులు ఎంతరా అని అడిగాను. వాడి పెదాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడు ఒకట్లు, ఏడు రెళ్లు.

"హారిక నీకేం చెబుతోంది?"

"షీ జస్ట్ టెల్స్ మీ, మిస్" అన్నాడు నేల చూపులు చూస్తూ. వాడు ఆలోచించే లోపే జవాబు చెప్పేసి టిక్కు పెట్టేస్తోందన్నమాట. అందులో ఆ పిల్ల తప్పు లేదు. ఆమెకి ఎక్కాలు ఎప్పుడు వచ్చాయో ఆమెకే గుర్తు లేదు. రాకపోవడం ఎలా ఉంటుందో తెలియనివాళ్లు, రానివాడు ఎక్కడ ఆగాడో చూడలేరు. మార్కుల జాబితా పైనుంచి పిల్లల్ని దించినప్పుడు నేను ఎంచింది సరిగ్గా అలాంటివాళ్లనే.

గెమ్మాని వెనక్కి పిలవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. వాళ్లింటికి ఫోను చేద్దామని కూడా అనుకున్నాను. కానీ ఆ ఆదివారం శ్రీనివాస్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. అక్కడ అతని ముఖం ఎలా చూడాలా అని, వ్రతం అయ్యాక సోమవారం పిలుద్దాంలే అని ఆగాను. ఈ లోపు మర్నాడే, శుక్రవారం, గెమ్మా బడికి వచ్చింది. పెద్ద తరగతి వాళ్లు పరీక్ష రాస్తుంటే ఫైర్ అలారం నొక్కేసింది. వెయ్యి మంది పిల్లలు వానలో మైదానంలో నిలబడ్డారు. ఆపడానికి వెళ్లిన డెప్యూటీ హెడ్‌ని నానా మాటలూ అంది.

ఇక్కడ కాస్త ఉద్యోగం మాట

ఆ తర్వాత 2008లో రిటైరయ్యేదాకా ఈ పని నేనే చూశాను. మార్కుల జాబితా చూడడం మానేశాను. ఎవరు ఏది ఆలస్యంగా నేర్చుకున్నారో వాళ్లని అది చెప్పమనేదాన్ని. టిక్కుల కాగితాలు చెత్తబుట్టలో వేశాను. ప్రతి శుక్రవారం చెప్పే పిల్లల్ని కూర్చోబెట్టి, మీ పిల్లాడు ఈ వారం ఎక్కడ ఆగిపోయాడో చెప్పండి అనేదాన్ని. చెప్పగలిగినవాళ్లు చూశారు, చెప్పలేనివాళ్లు చూడలేదు. ఇందుకు నాకు వారానికి రెండు గంటలు అదనంగా పట్టేది. ఖర్చు తగ్గుతుందని ఎవరైనా ఈ పథకం తెస్తే నమ్మకండి. సరిగ్గా చేస్తే ఇది టీచరుకి పని పెంచుతుంది. ఆ మాట హెడ్లకి చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది, ఒక్కరూ రాసుకోలేదు.

లైబ్రరీలో ముగ్గురు

ఇక్కడ ఒక పిల్లని శాశ్వతంగా తీసెయ్యాలంటే హెడ్ ఒక్కడి మాట చాలదు. బడి గవర్నర్లు, అంటే పాలక సంఘం వాళ్లు, ముగ్గురు కూర్చుని, తల్లిదండ్రుల్ని పిలిచి విని, హెడ్ చేసింది సరేనా కాదా తేల్చాలి. వాళ్లు తలుచుకుంటే పిల్లని వెనక్కి తీసుకోవచ్చు. మా లైబ్రరీలో బల్లలు కలిపి వేశారు. గెమ్మా తల్లి సూపర్‌మార్కెట్ యూనిఫాంలోనే వచ్చింది, పని మధ్యలో సెలవు అడిగి. గెమ్మా ఆమె పక్కన చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చుంది.

లోపలికి వెళ్లే ముందు మిస్టర్ ఫెంటన్ నన్ను పక్కకి పిలిచాడు. "హాజరు గురించి అడిగితే, తర్వాత ఏర్పాటు మారిందని చెప్పండి చాలు."

ఆయన గెమ్మా చేసినవన్నీ వరసగా చదివాడు. జాబితా పొడుగైనదే, అబద్ధం ఏమీ లేదు. నా వంతు వచ్చినప్పుడు రిజిస్టరు చూపించాను. గవర్నర్లలో ఒక పెద్దావిడ దాన్ని రెండుసార్లు తిరగేసి అడిగింది. "ఇరవై ఒక్క రోజులు వేళకి వచ్చిన పిల్ల ఆ తర్వాత ఉన్నట్టుండి ఎందుకు మానేసింది?"

ఏర్పాటు మారింది. రెండు మాటలు. గొంతు దాకా వచ్చాయి. ఎదురుగా ఆ పిల్ల నా వంక కూడా చూడడం లేదు. నా సమాధానం ఏమిటో తనకి ముందే తెలిసినట్టు కిటికీ వంక చూస్తోంది. నాకు నా మీదే అసహ్యం వేసింది.

"నేను తీసేశాను" అన్నాను. "ఆమె తప్పు ఏమీ లేదు. ఒక తండ్రి మా ఇంటికి వచ్చి అడిగితే మొహమాటానికి ఒప్పుకున్నాను. ఆమె చెప్పినన్నాళ్లూ ఆ పిల్లాడు నేర్చుకున్నాడు. నేను మార్చాక మరిచిపోయాడు. ఈ బడిలో వాడికి ఎక్కాలు రావని కనిపెట్టింది ఆమె ఒక్కతే. నేను కూడా కనిపెట్టలేదు."

మిస్టర్ ఫెంటన్ కలం మూత పెట్టేశాడు. పెద్దావిడ ఏదో రాసుకుంది. ఇరవై నిమిషాలు మమ్మల్ని బయట కూర్చోబెట్టి మళ్లీ పిలిచారు. మిసెస్ రావ్ నిజాయితీకి కృతజ్ఞతలన్నారు. అయినా పరీక్ష మధ్యలో అలారం నొక్కడం చిన్న విషయం కాదు, హెడ్ నిర్ణయం ఖాయం అన్నారు. గెమ్మా పక్క ఊరి బడికి వెళ్లాలి, అక్కడ చోటు దొరికే దాకా ఇంట్లో ఉండాలి. నేను ముందే నోరు విప్పి ఉంటే అలారం దాకా వచ్చేదే కాదు. ఆ సంగతి అక్కడ నాకొక్కదానికే తెలుసు.

వరండాలో గెమ్మా నా ముందు ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"మీరు లోపల అన్నది నిజమేనా మిస్?"

"ఏది?"

"వాడు నా దగ్గర నేర్చుకున్నాడని. లేకపోతే నన్ను ఉంచడానికి ఊరికే అన్నారా?"

"నిజమే గెమ్మా. నీ అంత బాగా వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

బడినుంచి తీసేసి పది నిమిషాలు కాలేదు, ఆ పిల్ల ముఖం విప్పారింది. తల్లి చెయ్యి పట్టుకుని ఊపుతూ, "విన్నావా మమ్? నేను చెబితే వాడికి వచ్చిందట" అంది. తల్లి కళ్లు తుడుచుకుని, "విన్నానమ్మా, పద, బస్సు పోతుంది" అంది. ఇద్దరూ గేటు వైపు వెళ్లిపోయారు.

ఆ మాట ఆ పిల్లకి చెప్పడానికి నాకు ఇరవై ఒక్క ఉదయాలు దొరికాయి. ఒక్కనాడూ చెప్పలేదు.